కొత్తదాని తైలదాహము

అటు ఒడ్డున ఆసుపత్రియు, ఇటు ఒడ్డున బస్టాండును, నడుమ ఎన్నడో వంతెన కట్టెదమని నాటి మరచిపోయిన నాలుగు సిమెంటు స్తంభములును కలిగి, ఆ స్తంభములు కొంగలకు తప్ప మరెవ్వరికిని అక్కరకు రాకుండ, ఎవరి అనుమతియు అడుగక అనాదిగా ప్రవహించుచున్న ఒకానొక మహానదీతీరమున, ఎండలు వెళ్లిపోయి వానలు ఇంకను రాక తాత్సారము చేయుచున్న దినములలో, ఒక శుక్రవారమునాడు, ఉదయము ఎనిమిది గంటల పది నిమిషములకు, జలమధ్యమున దిక్కులను కప్పివేయుచు ఒక నల్లని మేఘము పుట్టెను. చూచినవారు వాన వచ్చుచున్నదని గొడుగులు తీసిరి. అది పడవ మోటారు పొగ.

శ్రోతలారా, నవ్వకుడు. ఆ పొగలో నేనును ఉంటిని. నా తెల్లచొక్కా వీపుపై నేటికిని మూడు నూనె చుక్కలు కలవు. మా ఇంటిది వానికి నిమ్మకాయ రుద్దినది, సోడా రుద్దినది, కడకు విసిగి బ్రష్షు నా చేతికిచ్చి పోయినది. అవి పోలేదు. కావున ఈ గాథను నాకంటె నిష్పక్షపాతముగా చెప్పగలవాడు లేడని మనవి చేసి మొదలు పెట్టుచున్నాను.

ఆ పడవ పన్నెండుమంది కూర్చుండదగినది, పదునెనిమిదిమంది కూర్చుండునది. దాని అధిపతి, తరంగభంజనుడు, సుడిగుండవిదారణుడు, చిల్లర అడిగినవారిని ఒక్క చూపుతో మౌనమున ముంచగల మహామహుడు, నలుబది రెండేండ్లవాడు. రేవున అతనిని సరంగు అందురు. అతనికి ముందు ముప్పదియేండ్లు అదే పడవ నడిపి, మోకాళ్లు మొరాయించగా దిగిన తండ్రిని పెద్ద సరంగు అందురు. సరంగు భార్య అవతలి ఒడ్డు ఆసుపత్రిలో నర్సు. ఆ ఇంట ముగ్గురే మనుషులు, కాని మోటార్లు రెండు.

వానిలో మొదటిది పాతది. అది రెండు స్ట్రోకుల మోటారు. పెద్ద సరంగు యౌవనమున కొన్నది. నూనెను పెట్రోలులోనే కలుపుకొని త్రాగి, త్రాగినదంతయు పొగగా విడిచి, చెవులు చిల్లులు పడునట్లు అరచి, తుదకు పెరటిలో టార్పాలిను కప్పుకొని పడుకొన్నది. రెండవది కొత్తది. దాని వయస్సు పందొమ్మిదేండ్లు. ఇంటికి వచ్చిన నాడు దానిని కొత్తది అనిరి. మరొకటి రాలేదు గనుక ఆ బిరుదు దానికే మిగిలెను. అది నాలుగు స్ట్రోకుల జాతిది. ఆ జాతి మోటారు నూనెను కడుపులో పెట్టుకొని, దానినే త్రిప్పి త్రిప్పి వాడుకొనుచు, నెలలకొలది మరొక చుక్క అడుగని గుట్టుగల ఇల్లాలి వంటిది. అట్టిది ఆరువారములుగా గుట్టు విడిచినది. అంతవరకు దాని కడుపు తొంగి చూడని సరంగు, పొగ మొదలైన నాటి నుండి ప్రతి ఉదయము నూనె మట్టము కొలుచు గేజి పుల్ల తీసి చూచును. పుల్ల ఎండిపోయి యుండును. గ్లాసెడు నూనె పోయును. రోజంతయు పొగ. మరునాడు మరల పుల్ల ఎండిపోయి యుండును.

ఆ శుక్రవారముననే రేవు సంఘము కార్యదర్శి అత్యవసర సభ జరిపెను. ఆ సభకు సభ్యులు అయిదుగురు, వచ్చువారు ఇద్దరు, మాట్లాడువాడు ఒక్కడు. ఆ ఒక్కడే సాయంత్రము టికెట్ల షెడ్డు గోడకు కాగితము అంటించెను. "పొగ గురించి ఫిర్యాదులు అందినవి. సోమవారం మొదటి పడవలో కార్యదర్శిగారు స్వయముగా ప్రయాణించి పరిశీలించెదరు. అవతలి ఒడ్డు చేరుసరికి పొగ ఆగనిచో ఈ పడవ వంతు వేరొకరికి ఇవ్వబడును." ఆ వేరొకరు ఎవరో కాగితములో లేదు. కాని కార్యదర్శిగారి తోడల్లుడు క్రిందటి నెలలో సరికొత్త మోటారు కొని, దాని ప్లాస్టిక్ తొడుగు కూడ విప్పక ఒడ్డున కట్టి యుంచిన సంగతి రేవులోని కుక్కలకు సైతము తెలియును.

వంతు పోయినచో సరంగునకు దిక్కు లేదని కాదు. మామగారి గోడౌను తలుపు ప్రక్కన కాపలావాని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి అతనికై ఏండ్ల తరబడి కాచుకొని యున్నది. మామగారు మంచివారు. కుర్చీయు మంచిదే. కాని పదేండ్ల ప్రాయము నుండి కాళ్ల క్రింద నీరు కదలుచుండగా బ్రతికినవానికి, కదలని నేలపై పొద్దుటి నుండి సాయంత్రము వరకు ఎట్లు కూర్చుండవలెనో తెలియదు. ఈ మాట అతడు ఇంట ఎవ్వరికిని చెప్పలేదు.

ఆ సంధ్యాసమయమున, అరుణకిరణములు జలముపై కుంకుమరాశులు పోయుచుండగా, ఆ వీరాగ్రేసరుడు కొత్తదాని మూత విప్పి, ప్రళయకాలరుద్రుని వలె కన్నులెఱ్ఱజేసి, "ఓసీ తైలభక్షిణీ, ధూమకేతనా, ఆశ్రితద్రోహీ! కన్నబిడ్డ వలె సాకితిని గదా, కడవలకొలది పోసితిని గదా, నీ ఉదరకుహరమున ఏ దానవుడు దాగి యున్నాడు? రెండు దినములలో వానిని వెలికి లాగి చీల్చి చెండాడకున్న నేను సరంగు బిడ్డనే కాను!" అని నదియు గగనమును ప్రతిధ్వనించునట్లు శపథము చేసెను అని చెప్పవలెనని నాకు చాల కోరికగా నున్నది. నిజమునకు అతడు అన్నది ఇంతే.

"ఎంత పోసినా చాలదేంటే నీకు."

శనివారము ఉదయము టీకొట్టు వద్ద మంత్రాలోచనసభ కొలువు దీరెను. మన దేశమున రోగమునకు వైద్యుడు దొరకకపోవచ్చును గాని సలహా దొరకకపోవుట ఎన్నడును లేదు. గడచిన యిరువదియేండ్లుగా పడవ ఎక్కినవాడును, నీళ్లకు భయపడి ఎన్నడును ఎక్కనివాడును, మోటారనిన మిక్సీ మాత్రమే ఎరిగినవాడును ఏకకంఠముతో "రింగులు పోయాయి" అనిరి. రింగులనగా ఏవి అని అడిగినచో ముగ్గురును టీ వైపు చూచిరి. అప్పుడు రిటైరైన లారీ డ్రైవరొకడు గ్లాసు దించి, మీసము తుడుచుకొని, ముగింపు మాట చెప్పెను.

"పల్చటి ఆయిల్ పోస్తే తాగేస్తుంది. లారీకి పోస్తాం చూడు, చిక్కటిది, అది పొయ్యి. అప్పుడు తాగడం కుదరదు, నమలాలి."

మునుగువానికి గడ్డిపోచయు ఆధారమే గదా. సరంగు చిక్కని నూనె తెచ్చి, పుల్ల చూచి, గ్లాసెడు పోసి, త్రాడు లాగెను. ఆహా, అప్పుడు లేచిన ధూమమును వర్ణింప నాకు నాలుకలు చాలవు. మొదట అది తెల్లగా పుట్టి, పిదప బూడిదరంగు దాల్చి, పడవ నడినదికి చేరుసరికి నీలమేఘముల గర్వమును అణచుచు, ముందు బల్లపై కూర్చున్నవానికి వెనుక బల్లపైనున్న తన భార్య కనబడకుండ చేసెను. అతడు మాత్రము ఫిర్యాదు చేయలేదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకొనుటకు పోవుచున్న వృద్ధుడొకడు తువ్వాలు ముక్కునకు అడ్డము పెట్టుకొని సరంగును దగ్గరకు పిలిచెను.

"నాయనా, ఇప్పుడు నాకు ఎక్స్‌రే తీస్తే అందులో నీ మోటారే కనబడుతుంది. కాస్త ఆగి వెళ్ళమంటావా?"

నా చొక్కాపై మూడవ చుక్క పడినది ఆనాడే.

ఆదివారము మధ్యాహ్నము ట్రిప్పులు ముగియగనే, లోహవైద్యశిఖామణియు, బోల్టుల గర్వము అణచినవాడును, నర్సమ్మకు స్వయాన అన్నగారునగు పానా బావ తన పెట్టెతో రేవునకు వచ్చెను. అతడు సరంగునకే కాదు, ఊరిలో ట్రాక్టర్లు ఉన్నవారందరికిని బావయే. పడవ ఒడ్డున బురదలో ముక్కు పెట్టి యుండెను. కొత్తది ఎప్పటి వలెనే తోక పైకెత్తి, తల పడవలోనికి వాల్చి, త్రాటికి కట్టబడి యుండెను. ఒడ్డు చేరిన మరుక్షణమే మోటారును ఎత్తి కట్టవలెననుట పెద్ద సరంగు నాటి శాసనము. లేనిచో నీటిని కోసెడు రెక్కలు బురదలో దిగబడి విరుగును. ఆ శాసనమును తండ్రియు కొడుకును ఏబదియేండ్లుగా ఒక్కనాడును మీరలేదు.

పానా బావ ప్లగ్గులు విప్పెను. రెండును నల్లగా, తడిగా, జిడ్డు కారుచుండెను. వాని స్థానమున లోపలి ఒత్తిడిని కొలుచు తన గడియారము బిగించి సరంగుచే త్రాడు లాగించెను. ముల్లు లేచి నిలిచెను. రెండవ సిలిండరులోను అంతే లేచెను. బావ గడ్డము గోకుకొనెను. గాలిగొట్టము విప్పి చూడగా దానినిండ నూనె.

"పిస్టన్ రింగులు బ్రహ్మాండంగా ఉన్నాయి బావా. నాకూ నీకూ లేనంత గట్టిగా ఉన్నాయి."

"మరి నూనె ఎక్కడికి పోతోంది?"

"కిందినుంచి పోవట్లేదు. పైకి పొర్లి, గాలి దారిలో పడి కాలిపోతోంది. కడుపు పట్టనంత తిన్నవాడికి అవుతుంది చూడు, అలా. కానీ ఎక్కువైతేనే ఇలా జరగాలి. పుల్ల చూస్తే ఎండిపోయి ఉంది. ఇదేదో నాకు అంతు పట్టట్లేదు."

శ్రోతలారా, బావను తప్పు పట్టకుడు. అతడు జీవితమంతయు ట్రాక్టర్లతో గడపినవాడు. ట్రాక్టరు పడుకొనదు.

అట్లు మహావైద్యుడు తెల్లమొగము వేసి, సరంగు గోడౌను కుర్చీని తలచి, పెద్ద సరంగు పడవ ముందు భాగమున కూర్చుండి ఎటో చూచుచుండగా, సాయంత్రమునకు అవతలి ఒడ్డు నుండి డ్యూటీ ముగించుకొని, చేత టిఫిను డబ్బాయు, ఛాతీపై పిన్నుతో గ్రుచ్చిన గడియారమును, మొగమున పదకొండు గంటలు నిలబడిన అలసటయు కలదై, కార్యదర్శిగారి తోడల్లుని తెడ్లపడవలో, అనగా శత్రువు పడవలో, నర్సమ్మ వచ్చి దిగెను. భర్త వాలిన మోటారు మీదికి వంగి మరల ఒకసారి పుల్ల తీయుట చూచెను. డబ్బా క్రింద పెట్టెను.

"ఏమండీ, రోజూ దాన్ని ఇలా పడుకోబెట్టే చూస్తున్నారా?"

"పడుకోబెట్టక? బురద కదా."

"మా దగ్గర ఎత్తు కొలవాలంటే మనిషిని స్కేలు పక్కన నిలబెడతాం. మంచం మీద పడుకోబెట్టి పక్కన స్కేలు నిలబెడితే ఎంత చూపిస్తుంది?"

బావ చేతిలోని పానా ఆగిపోయెను.

"అన్నయ్యా, లోపల నూనె ఒక మూలకి జారిపోదూ? పుల్లకి ఎలా అందుతుంది? లోతుకి లాగి, నిటారుగా దింపి చూడండి."

ఏబదియేండ్ల శాసనము ఆ క్షణమున భగ్నమయ్యెను. మోకాలి లోతు నీటిలో బావయు సరంగును పడవను నెట్టి, నడుము లోతునకు చేర్చి, త్రాడు విప్పి, కొత్తదానిని నిటారుగా నిలబెట్టిరి. సరంగు వెంటనే పుల్ల లాగబోగా ఆ సాధ్వి చేయెత్తి ఆపెను. లోపలి నూనె దిగి స్థిరపడవలెనని, అయిదు నిమిషములు ఎవ్వరును దేనిని ముట్టరాదని, గడియారము చూచుచు నిలబడెను. ఆ అయిదు నిమిషములు నది కూడ మెల్లగా ప్రవహించినదని నా నమ్మకము. పిదప సరంగు పుల్ల తీసెను. పుల్లపై రెండు గీతలుండును. నూనె వాని నడుమ నుండవలెను. క్రింది గీత మునిగినది. పై గీత మునిగినది. పుల్ల పిడి వరకు నూనెలో మునిగి, సరంగు బొటనవ్రేలిపైకి కారెను.

బావ పుల్లను తన చేతిలోనికి తీసుకొని అడిగెను.

"రోజుకెంత పోస్తున్నావు?"

"గ్లాసుడు. ఈ చిన్న గ్లాసుడే."

"లేదు బావా. నీ పొగ చూస్తుంటే రోజుకి గ్లాసుడు దానికే సరిపోదు. అంత కాలిపోయాక కూడా లోపల ఇంత మిగిలిందంటే ఇంకెవరో పోస్తున్నారు."

మూడు తలలు ఒక్కసారిగా పడవ ముందు భాగము వైపు తిరిగెను. అచట పెద్ద సరంగు, డెబ్బదియొక్క సంవత్సరముల జలవీరుడు, ఒడిలోని స్టీలు గ్లాసును గుడ్డతో తుడుచుచుండెను. ఆ గ్లాసు తళతళ మెరయుచుండెను. దానిని అతడు ఇంకను తుడుచుచునే యుండెను.

"నాన్నా," అని సరంగు పిలిచెను.

"నెలన్నరగా పొద్దున్నే ఓ గ్లాసుడు పోస్తున్నాను. నువ్వు లేచేలోపు. అందులో దాచడానికేముంది?" అని పెద్ద సరంగు గుడ్డ మడత పెట్టెను. ముందు బల్ల క్రింద నుండి సగము నిండిన నూనె డబ్బా ఒకటి బయటికి తీసి ప్రక్కన పెట్టెను.

"అది పాతదానికి నాన్నా. దీనికి రోజూ పొయ్యక్కర్లేదని చెప్పాను కదా."

"చెప్పావు. నమ్మలేదు."

"నమ్మకపోతే నన్ను అడగొచ్చుగా?"

"ముప్పై ఏళ్ళు నూనె చూడకుండా మోటారు తీయలేదురా నేను. నువ్వేమో ఆదరాబాదరా వచ్చేవాడివి, తాడు లాగి పోయేవాడివి. ఓ రోజు మర్చిపోతే నడి ఏట్లో ఎండిపోయి బిగుసుకుపోతుంది. పద్దెనిమిదిమంది ఉంటారు అందులో." అతడు నీటి వైపు చూచెను. "అయినా తెల్లారగట్ల మెలకువ వచ్చేస్తుంది. లేచాక చేతికో పనుండాలి కదా."

ఇచట శంఖము పూరించుటకు నాకు మనసు రాలేదు. తండ్రి కొడుకు మరచునని పోసెను; కొడుకు పుల్ల ఎండినదని పోసెను; ఇద్దరును ప్రేమతోనే పోసిరి. ఇరువురు తల్లులు ఒకరికి తెలియకుండ ఒకరు కొసరి కొసరి తినిపించిన బిడ్డకు అజీర్తి గాక మరేమగును? ఆరువారములుగా మనము వెదకిన రాక్షసుడు ఎచ్చటను లేడు.

సరంగునకు కోపము వచ్చినది, అది సగములోనే ఆగిపోయినది. నర్సమ్మ అత్తింటి కోడలి గొంతుతో గాక డ్యూటీలోని నర్సు గొంతుతో "మామయ్యా, రేపు పొద్దున మాత్రం పొయ్యకండి" అనెను. "సరేనమ్మా" అని ముసలాయన అనెను. అది సరే అను మాటయే గాని సరే అను గొంతు కాదు.

అనంతరము జరిగిన తైలనిష్కాసనమును క్లుప్తముగా చెప్పెదను. ఆ వీరవనిత తన డ్యూటీ సంచిలో నుండి పారవేయదగిన సన్నని గొట్టమును, అన్నిటికంటె లావుపాటి సిరంజిని వెలికి తీసి, పుల్ల పెట్టు రంధ్రమున గొట్టము దించి, ఆసుపత్రిలో బ్రతిమాలుకొనుచు ఒక్క చుక్క రక్తము తీయు అదే చేతులతో, నల్లని నూనెను సిరంజి తరువాత సిరంజిగా లాగి బకెట్టులో చిమ్మెను. "నొప్పి లేదు కదే?" అని నడుమ ఒకసారి మోటారును అడిగెనని బావ చెప్పును, ఆమె ఒప్పుకొనదు. పద్దెనిమిదవ సిరంజికి పుల్ల రెండు గీతల నడుమకు వచ్చెను. బావ గాలిగొట్టము కడిగి, ప్లగ్గులు తుడిచి బిగించి, పెట్టె మూసి, పోవుచు ఒక మాట అనెను. ఆ మాటను పెద్ద సరంగు కూడ వినెను.

"గొట్టాల్లో పట్టిన నూనె కొంత మిగిలే ఉంటుంది. రేపు మొదట పొగ వస్తుంది, భయపడకండి. మూడో స్తంభం దాటేలోపు ఆగిపోవాలి. ఆగలేదంటే మళ్ళీ ఎవరో పోసినట్టే."

సోమవారము తెల్లవారి సరంగు లేచి చూడగా తండ్రి మంచము ఖాళీగా నుండెను. రేవునకు పరుగెత్తగా పెద్ద సరంగు పడవ ముందు భాగమున కూర్చుండి యుండెను. ప్రక్కన డబ్బా, డబ్బాపై గ్లాసు. గ్లాసు అంచున నూనె తడి మెరయుచుండెను. సరంగు దానిని చూచెను. అడిగినచో తండ్రికి అవమానము. అడుగకున్న తనకు భయము. నోటి వరకు వచ్చిన ప్రశ్నను అతడు మ్రింగి, త్రాళ్లు విప్పుటకు పోయెను.

ఏడు గంటలకు కార్యదర్శి మడత నలగని చొక్కాతో, ఒక నోటు పుస్తకముతో, పరీక్షార్థము తెచ్చిన తెల్లని చేతిరుమాలుతో విచ్చేసి వెనుక బల్లపై, మోటారు ప్రక్కనే ఆసీనుడయ్యెను. ఒడ్డున అతని తోడల్లుడు ఆ ఉదయమే మోటారు ప్లాస్టిక్ తొడుగు విప్పుచుండెను. ఎక్స్‌రే వృద్ధుడు రిపోర్టు తెచ్చుకొనుటకు మరల వచ్చెను. నేనును ఉంటిని, నల్లచొక్కాలో. సరంగు త్రాడు లాగెను.

కొత్తది మేల్కొనెను. మేల్కొనుచునే, భగభగ పొగ విడిచెను.

కార్యదర్శి రుమాలు చాచి పట్టుకొని, నోటు పుస్తకము తెరచి ఒక గీత గీసెను. మొదటి స్తంభము వచ్చెను. దానిపైనున్న కొంగ మమ్ము చూచి, ఆరువారముల అనుభవముతో, ముందుగనే లేచి పోయెను. పొగ తగ్గలేదు. రెండవ స్తంభము వచ్చెను. పొగ ఇంకను వెన్నంటి వచ్చుచుండెను. సరంగు చుక్కానిపిడిని గట్టిగా పట్టుకొనెను. అతడు పడవ పొడవునను తండ్రి వైపు చూచెను. తండ్రి ఇటు చూడలేదు. ఆ ముసలి వీపును చూచుచు, ఆ గ్లాసు అంచును తలచుచు, కొడుకు మనసున అనుమానము లేచెను, గోడౌను కుర్చీ లేచెను, ఆ రెంటిపైన తండ్రిని అనుమానించుచున్నానను సిగ్గు లేచెను. చేయి తనంత తానే వేగము తగ్గించెను.

అప్పుడు పెద్ద సరంగు వెనుకకు తిరిగెను.

"నెమ్మదిగా ఎందుకురా ముక్కుతావు? దానికేం రోగం లేదు. పిడి తిప్పు."

సరంగు తిప్పెను. పందొమ్మిదేండ్ల కొత్తది, ఏండ్ల తరబడి ముసలిదని ముద్దుగా నడిపింపబడినది, మూడు పాళ్ల బలము కడుపులోనే దాచుకొన్నది, ఒక్కసారి గొంతు విప్పి పాడెను. పడవ ముక్కు లేచెను. ప్రయాణికులు ఒకరిపై ఒకరు ఒరిగిరి. వెనుక నుండి చివరిగా ఒక నల్లని ముద్ద దగ్గినట్లు వెడలి, నీటిపై సాగి, విడిపోయి, కరగిపోయెను. మూడవ స్తంభము ప్రక్కనుండి పోవుచున్నప్పుడు మా వెనుక నురుగు తప్ప మరేమియు లేదు.

అవతలి ఒడ్డున కార్యదర్శి రుమాలును ఎండకు ఎత్తి చూచెను, త్రిప్పి చూచెను, వాసన చూచెను. ముప్పావు వంతు తెలుపు, ఒక మూల బూడిద రంగు. అతడు నోటు పుస్తకములో వ్రాసినది సరంగునకు చదివి వినిపించెను.

"ప్రస్తుతానికి పొగ ఆగినట్టు కనబడినది. అని రాశాను. ప్రస్తుతానికి అన్న మాట గమనించు."

"గమనించాను సార్," అని సరంగు అనెను. వృద్ధుడు దిగుచు అతని భుజము తట్టి, "ఈ రోజు తీయించుకుని ఉంటే బాగుండేది" అనెను.

అందరును దిగిపోయిరి. సరంగు అలవాటు చొప్పున మోటారు ఎత్తబోయి ఆగెను. లోతు నీటిలోనే నిటారుగా ఉంచి తండ్రి ప్రక్కన వచ్చి కూర్చుండెను. అయిదు నిమిషములు గడపవలెను గదా.

"నాలుగింటికే వచ్చాను," అని పెద్ద సరంగు నీటి వైపు చూచుచునే అనెను. "మూత తీశాను. గ్లాసులో పోశాను కూడా. చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చెయ్యి ఆగదురా, ఏం చెయ్యను. తర్వాత మళ్ళీ డబ్బాలో పోసేశాను."

సరంగు డబ్బాను, దానిపైనున్న గ్లాసును చూచెను.

"ఒక్క చుక్క కింద పడలేదు," అని తండ్రి చేర్చెను.

సరంగు లేచి వెళ్లి, గేజి పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మరల దించి తీసి, తాను చూడక తండ్రి చేతికిచ్చెను. "ఇకనుంచి పొద్దున్నే చూసేది నువ్వే నాన్నా. నాకు అయిదు నిమిషాలు కూర్చునే ఓపిక లేదు." ముసలాయన కళ్లజోడు సవరించుకొని, పుల్లను ఎండవైపు త్రిప్పి, గీతలను ఒకటికి రెండు మార్లు చూచి, తీర్పు చెప్పెను.

"మధ్యన ఉంది. దీనికిప్పుడు ఏమీ అక్కర్లేదు."

కావున, ఓ దిక్కులారా, ఓ కొంగలారా, ఓ రేవు సంఘము వారలారా, వినుడు: రాజ్యములు గెలిచినవారి గాథలు అనేకములు కలవు గాని, ముప్పదియేండ్ల అలవాటును ఒక్క తెల్లవారుజామున ఒంటరిగా ఎదిరించి, గ్లాసెడు నూనెను గ్లాసులో నుండి డబ్బాలోనికి, చుక్కయైనను చిందకుండ, తిరిగి పోసిన మహావీరుడు ఈ రేవున ఒక్కడే కలడు. అతడు ఆ దినము మొదలు ప్రతి ఉదయమును నిటారుగా నిలిచిన మోటారు ప్రక్కన అయిదు నిమిషములు కూర్చుండును, పుల్ల చూచును, "ఉంది" అనును, మూత పెట్టును. డబ్బా అట్లే సగము నిండి యున్నది.